మేకు కొట్టొద్దన్న ఇంట్లో

అద్దె ఇంటి తాళం చేతిలో పెట్టే ముందు ఓనరు చెప్పే షరతుల్లో నీళ్ల బిల్లు, మెయింటెనెన్సు, బండి పార్కింగు అయ్యాక దాదాపు తప్పకుండా వినిపించే మాట ఒకటుంది: గోడలకు మేకులు కొట్టొద్దు. హైదరాబాద్‌లో మాసబ్ ట్యాంక్, శాంతినగర్, విజయనగర్ కాలనీల పాత అపార్ట్‌మెంట్లలోనూ వినిపిస్తుంది, ఉద్యోగానికో కోచింగుకో వచ్చినవాళ్లు దిగే అమీర్‌పేట, పంజాగుట్ట గల్లీల పోర్షన్లలోనూ వినిపిస్తుంది. ఒప్పందం పదకొండు నెలలకు రాస్తారు. గడువు ఏడాది మించితే 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం లీజును రిజిస్టరు చేయించాలి, అందుకే ఆ పదకొండు. పదకొండు నెలల గడువున్న ఇంట్లో, మేకు కూడా దిగకూడని గోడల మధ్య, ఒక కుటుంబం ఎలా కుదురుకుంటుంది? సొంత ఫ్లాటు కొనుక్కున్నవాళ్లకూ ఈ ప్రశ్న వేరే రూపంలో ఎదురవుతుంది. తాళం మనదే, అప్పు మనదే, అయినా మొదటి నెలల్లో ఆ ఇల్లు హోటలు గదిలాగే ఉంటుంది. కొత్త ఇంటిని మనదిగా చేసుకోవడానికి స్వయంగా చేసుకోగల పనుల జాబితాలు పత్రికల్లో, వీడియోల్లో కొల్లలుగా ఉన్నాయి: ఒక గోడకు ముదురు రంగు, సీసాలతో దీపాలు, పాత టైర్లతో కుర్చీలు. వాటిలో ఎక్కువ భాగం ఒక ఆదివారం చేసి, ఫొటో తీసుకుని, ఇక ముట్టుకోనక్కర్లేనివి. వాటి వల్ల ఇల్లు అందంగా మారవచ్చు. కానీ ఇంటితో మనిషికి ముడి పడేది మళ్లీ మళ్లీ చేయాల్సివచ్చే పనుల దగ్గర, చెయ్యి తిరిగి తిరిగి అదే చోటికి వెళ్లాల్సిన పనుల దగ్గర అని నేను నమ్ముతున్నాను. ఆ నమ్మకానికి ఆధారాలేమిటో, దానికి ఎదురయ్యే అభ్యంతరాలు ఎంతవరకు నిలుస్తాయో చూడాలి.

ముందు మన ఆచారాల సంగతి. సొంత ఇల్లయినా అద్దె ఇల్లయినా సామాను సర్దకముందే పొయ్యి మీద పాలు పెట్టి పొంగిస్తారు. పురోహితుడు పక్కనే ఉన్నా ఆ పాలగిన్నె ఇంటివాళ్ల చేతి మీదుగానే పొయ్యెక్కాలి. అంటే కొత్త ఇంట్లో జరిగే మొదటి పని వంట, రేపూ ఎల్లుండీ మళ్లీ చేయాల్సిన పని. గుమ్మానికి మామిడాకుల తోరణం, గడపకు పసుపు, వాకిట్లో ముగ్గు కూడా అంతే. గంటలో అయిపోతాయి, నాలుగు రోజుల్లో వాడిపోతాయి, చెరిగిపోతాయి. మాసబ్ ట్యాంక్ చుట్టుపక్కల ముస్లిం కుటుంబాలు కొత్త ఇంట్లో బంధువులను, ఇరుగుపొరుగును పిలిచి ఖురాన్‌ఖానీ జరుపుకుంటాయి, క్రైస్తవ కుటుంబాలు ప్రార్థన కూడిక పెట్టుకుంటాయి. అక్కడా ఇంటిని మొదట నింపేది మనుషుల గొంతులూ వడ్డనలే. తెలంగాణ పల్లెల్లో మట్టి ఇళ్లకు పండుగ ముందు గోడలు అలికి, సున్నం వేసి, అరుగుల అంచులకు జాజు పూసి, దాని మీద తెల్లటి సుద్దతో గీతలు దిద్దేవారు. వాన ఏటా ఆ పూతను కొంత కడిగేసేది, ఇంట్లోవాళ్లు ఏటా మళ్లీ పూసేవారు. ఇల్లలకగానే పండగ కాదని సామెత. అలకడం పండక్కి మొదటి మెట్టు మాత్రమేనని దాని అర్థం, కానీ అలకని ఇంటికి పండగ రాదన్న సంగతిని ఆ సామెత చెప్పకుండానే ఒప్పుకుంది. పేర్లూ ఇలాగే మనవవుతాయి. కుతుబ్‌షాహీ రాణివాసపు పెద్దావిడ ‘మా సాహెబా’ పేరు మీద ఉన్న చెరువు జనం నోట నానినాని మాసబ్ ట్యాంక్ అయింది. చెరువు పోయింది, ఆ చోట చాచా నెహ్రూ పార్కు వచ్చింది. పేరు మాత్రం రోజూ పలికే నోళ్ల వల్ల నిలిచింది.

అపార్ట్‌మెంటుకు వచ్చేసరికి ఈ పనుల్లో చాలావాటికి చోటు లేకుండా పోయింది. టైల్స్ నేలను అలకనక్కర్లేదు. ఎమల్షన్ రంగు ఏళ్ల తరబడి తగ్గదు. గడప ఎన్నో ఫ్లాట్లలో పలచని గ్రానైట్ పట్టీగా మిగిలింది. కారిడార్ అందరిదీ కనుక ముగ్గుపిండి అడుగుల కింద పడి మెట్ల దాకా పాకుతుంది, ఊడ్చేవాళ్లు విసుక్కుంటారు. అందుకని ముగ్గు స్టిక్కర్లు వచ్చాయి, ఎనామిల్ రంగుతో ఒక్కసారే వేసేసే ముగ్గులు వచ్చాయి. స్టిక్కరు అంటించిన గృహిణిని తప్పుపట్టడానికి లేదు, తెల్లవారి ఆరింటికి టిఫిన్ బాక్సులు కట్టి ఎనిమిదింటికి బస్సెక్కే మనిషికి అదొక ఊరట. అయినా రెండింటికీ తేడా ఉంది. రోజూ ముగ్గు కోసం వంగిన మనిషికి గడప దగ్గర పగిలిన టైలు కనబడుతుంది, ద్వారబంధం అడుగున చెద మట్టి కనబడుతుంది, ఎదురింటి పిల్లల చెప్పుల సైజు పెరగడం కనబడుతుంది. స్టిక్కరును రెండో వారం నుంచి ఎవరూ చూడరు, దాటుకుని వెళ్లిపోతారు. ముగ్గు ఆకారం రెండింట్లోనూ ఒకటే, స్టిక్కరులో పోయింది ఆ వంగడం.

దీన్ని కేవలం గతం మీద మమకారం అని కొట్టిపారేయకుండా ఉండటానికి ప్రయోగశాల ఆధారం ఒకటుంది. మైకేల్ నార్టన్, డేనియల్ మోచన్, డాన్ ఏరియలీ అనే పరిశోధకులు 2012లో ‘ఐకియా ప్రభావం’ పేరుతో ఒక పరిశోధన ప్రచురించారు. ఫర్నిచర్ సంస్థ ఐకియా అమ్మే సాదా పెట్టెలను స్వయంగా బిగించినవాళ్లు, అవే పెట్టెలను బిగించి ఉన్నవిగా అందుకున్నవాళ్ల కంటే 63 శాతం ఎక్కువ ధర పెట్టడానికి సిద్ధపడ్డారు. కాగితపు కొంగలను మడిచినవాళ్లు తమ వంకర కొంగలకు నిపుణుల కొంగలతో దాదాపు సమానమైన విలువ కట్టారు, పక్కవాళ్ల కళ్లకు మాత్రం అవి నలిగిన కాగితాలే. ఈ ఫలితం బాగా ప్రచారమైంది, దాని రెండో సగం మాత్రం అంతగా కాలేదు. పని మధ్యలో ఆగిపోయినా, కట్టినదాన్ని వెంటనే విప్పేసినా ఆ మమకారం నిలవలేదు. ఈ రెండో సగం నా వాదనకు అడ్డంగా కనిపిస్తుంది, ఎందుకంటే ముగ్గు రోజూ చెరిగేదే, సున్నం ఏటా రాలేదే. అయితే ఆ ప్రయోగంలో విప్పేసిన వస్తువును మళ్లీ కట్టే రేపటి రోజు లేదు, కొన్ని నిమిషాల్లో ప్రయోగం ముగిసింది. ముగ్గు ప్రతి ఉదయం పూర్తవుతుంది, పూర్తయిన తర్వాతే చెరుగుతుంది. పైగా ప్రయోగం కొలిచింది ధరను. ఇంటితో ముడిని ధరలో కొలవలేం. అందుచేత ఆ పరిశోధన రుజువు చేసింది ఒక్కటే అనుకోవాలి: పని ముగించిన చేతికి, ఆ వస్తువుకు మధ్య ఏదో పుడుతుంది. అది ఎన్నాళ్లు నిలుస్తుందన్న దానికి ఆధారం వేరేచోట వెతకాలి. ఇదే సందర్భంలో మన నగరం చెప్పే సంగతి ఒకటుంది. ఐకియా భారతదేశంలో తన మొదటి దుకాణాన్ని 2018 ఆగస్టు 9న హైదరాబాద్‌లోనే, హైటెక్ సిటీ దగ్గర తెరిచింది. కొన్నవాళ్లే బిగించుకోవడం మీద నిలబడిన ఆ సంస్థ ఇక్కడ బిగించి పెట్టే మనుషులను పంపే ఏర్పాటు మొదటి రోజు నుంచే పెట్టుకుంది. స్క్రూ తిప్పడం ఇక్కడివాళ్లకు చేతకాక ఆ ఏర్పాటు పెట్టలేదు, ఇక్కడ పనివాళ్ల కూలి తక్కువని గ్రహించి పెట్టింది.

ఎన్నాళ్లు నిలుస్తుందన్న ప్రశ్నకు వీధుల నిండా ఇళ్లే ఆధారాలు. ఫ్రాన్స్‌లో బోర్డో నగరం దగ్గర పెసాక్‌లో వాస్తుశిల్పి లె కార్బూజియే 1920లలో కార్మికుల కోసం సుమారు యాభై ఇళ్లు కట్టాడు. బల్లపరుపు కప్పులు, బారుపాటి కిటికీలు, ఖాళీ డాబాలు. కాపురమున్నవాళ్లు కొన్నేళ్లలో కిటికీలు కుదించారు, డాబాలు మూశారు, కొందరు పెంకుల వాలుకప్పు వేసుకున్నారు. ఫిలిప్ బూడాన్ 1969లో ఆ మార్పులన్నిటి మీద ఒక పుస్తకమే రాశాడు. వాటిని వాస్తుశిల్పి ఓటమిగా చూసినవాళ్లున్నారు. అక్కడ కాపురం కుదిరిందనడానికి ఆ మార్పుల కంటే బలమైన సాక్ష్యం ఏముంటుందో నాకు తెలియదు. చిలీలోని ఇకీకేలో 2004లో వాస్తుశిల్పి అలెహాండ్రో అరవేనా బృందం సుమారు వంద పేద కుటుంబాలకు ప్రభుత్వ సాయం సరిపోయినంత మేర సగం ఇళ్లే కట్టి, మిగతా సగానికి ఖాళీ జాగా వదిలింది. వంటిల్లు, స్నానాలగది, మెట్లు లాంటి కష్టమైన భాగం కట్టిచ్చి, గదులు పెంచుకునే పని కుటుంబాలకే వదిలేసింది. కుటుంబాలు పెంచుకున్నాయి. మన దగ్గర ఈ రెండు పద్ధతులూ పక్కపక్కనే ఉన్నాయి. తెలంగాణలో రెండు పడక గదుల ఇళ్ల పథకం 2015 నుంచి 560 చదరపు అడుగుల ఇళ్లను పూర్తిగా కట్టి తాళాలు ఇచ్చింది. నగరం అంచున కొల్లూరులో ఒక్క చోటే 15,660 ఫ్లాట్లు అలా కట్టారు. 2024లో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకంలో లబ్ధిదారు తన జాగాలో 400 చదరపు అడుగులకు తగ్గకుండా తానే కట్టుకుంటే ప్రభుత్వం 5 లక్షల రూపాయలు దశలవారీగా ఇస్తుంది. మొదటిదానిలో నాణ్యత ఒకే తీరున ఉంచడం సులువు, జాగా లేని నగరపు పేదకు అదే దారి. రెండోదానిలో వంటగది కిటికీ ఎటు పెట్టాలో ఆ ఇంట్లో వండే మనిషి చెప్పగలదు. ఏది మెరుగన్న తీర్పు ఇక్కడ అవసరం లేదు. కట్టి ఇచ్చిన ఇంటికి కావలసింది ఏమిటో మాత్రం ఈ పోలికలో తెలుస్తోంది: కాపురమున్నవాళ్లు చెయ్యి పెట్టడానికి కొంత జాగా, కొంత అనుమతి.

ఇక అభ్యంతరాలు. వాటిలో బలమైనది కూలీలకు సంబంధించింది. పాశ్చాత్య దేశాల్లో ఇంటి పనులు స్వయంగా చేసుకోవడం కూలి రేట్లు భరించలేక పెరిగిన అలవాటు. హైదరాబాద్‌లో తెల్లవారితే అడ్డాల మీద పెయింటర్లు, తాపీ పనివాళ్లు పని కోసం ఎదురుచూస్తూ నిలబడతారు. డబ్బున్నవాళ్లు సరదా కోసం బ్రష్ పట్టుకుంటే ఒక మనిషి ఆ రోజు ఖాళీ చేతులతో ఇంటికి వెళ్లడా? ఈ మాటను తేలికగా తీసుకోకూడదు. డబ్బు ఆదా కోసమే అయితే మన నగరంలో స్వయంగా చేసుకోవడానికి పెద్ద అర్థం లేదు. మొదటిసారి బ్రష్ పట్టినవాళ్లు పాడుచేసే రంగు ఖరీదు ఒక రోజు కూలికి దగ్గరగా రావచ్చు. కానీ ఒక గోడకు తానే పుట్టీ పట్టి, అది ఆరేదాకా ఆగి, ఇసుక కాగితంతో రుద్దిన మనిషికి మిగతా ఇంటికి పెయింటరును పిలిచినప్పుడు ఆ పని విలువ తెలుస్తుంది. పుట్టీ ఆరకముందే రంగు వేయమని తొందరపెట్టడు, మూడు రోజుల పనికి రెండు రోజుల కూలి ఇస్తానని బేరమాడడు. మన సమాజం చేతిపనిని కులాలవారీగా పంచి, ఆ పనులు చేసేవాళ్లను దూరంగా ఉంచిన సమాజం. చదువుకున్న ఇంట్లో సుత్తి, పట్టకారు లేకపోవడం వెనుక ఆ చరిత్ర ఉంది. కనుక నైపుణ్యం కావలసిన పెద్ద పని పనివాళ్లకే ఇవ్వాలి, మంచి కూలికి ఇవ్వాలి. తరచూ చేయాల్సిన చిన్న పని ఇంటివాళ్లు చేసుకోవాలి. ఒక స్టూలు కాలు బిగించడానికి, ఒక కుండీ మార్చడానికి అడ్డా మీది మనిషి ఎలాగూ రాడు.

రెండో అభ్యంతరం నా వాదన మూలానికే తగులుతుంది. మళ్లీ మళ్లీ చేసే పనే ఇంటితో ముడి వేస్తుందంటే, ఆ పనులన్నీ తరతరాలుగా ఆడవాళ్ల మీద పడినవే కదా? అలకడం, ముగ్గు, సున్నం కలపడం, బొంతలు కుట్టడం — ఇవి ఎవరికి ఇష్టమని అడిగి అప్పగించినవి కావు. అమెరికాలో చరిత్రకారుడు స్టీవెన్ గెల్బర్ 1997లో రాసిన వ్యాసంలో, ఇంటి పనులు స్వయంగా చేసుకోవడమన్నది అక్కడ మగవాళ్లకు ఇంట్లో ఒక పాత్రను ఇచ్చిన అలవాటుగా ఎదిగిందని చూపించాడు. రంపం, డ్రిల్లు మగవాళ్ల సరదా అయ్యాయి, దానికి పుస్తకాలు, పత్రికలు వచ్చాయి. మన ఇళ్లలో ఇంటిని ఇల్లుగా నిలిపిన చేతిపనికి అలాంటి పేరు, పుస్తకం, లెక్క ఏదీ రాలేదు, అది ఇంటి చాకిరీగానే మిగిలింది. ఈ అభ్యంతరాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. కానీ దాని నుంచి వచ్చే ముగింపు ఆ పనులు మానేయాలని కాదు, పంచుకోవాలని. ఇంట్లో ఒక్కరే చేస్తే ఆ ఇల్లు ఆ ఒక్కరికే తెలుస్తుంది, మిగతావాళ్లు అందులో అతిథులవుతారు. వాటర్ ఫిల్టర్ ఎప్పుడు మార్చాలో, ఏ కుళాయి వాషర్ అరిగిందో తెలియని మగవాడు సొంత ఇంట్లోనూ పదకొండు నెలల అద్దెదారే. పన్నెండేళ్ల పిల్లకు వాషర్ మార్చడం నేర్పవచ్చు, పిల్లాడికి సూది దారం ఇవ్వవచ్చు.

ఇంతకీ మాసబ్ ట్యాంక్ లాంటి చోట ఒక ఫ్లాటులో ఏ పనులు చేతికి వస్తాయి? నిజానికి ఇళ్లు గీయడం నేర్పే జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉన్నది ఇక్కడే, కానీ ఈ పనులకు డిగ్రీ అక్కర్లేదు. గోడతో మొదలుపెట్టేవాళ్లు రంగు కంటే ముందు చెమ్మ చూడాలి. అనుమానమున్న చోట రెండడుగుల ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో అంటించి ఒకటి రెండు రోజులు వదిలేస్తే, గోడవైపు నీటి బిందువులు పడితే చెమ్మ గోడలోంచే వస్తున్నట్టు లెక్క. అలాంటి గోడకు ఎంత ఖరీదైన రంగు వేసినా వానాకాలం దాటేసరికి పొక్కులు లేస్తుంది. ముందు పైఅంతస్తు బాత్రూమో బయటి పగులో చూడాలి, అది మేస్త్రీ పని. పది అడుగుల పొడవూ పది అడుగుల ఎత్తూ ఉన్న గోడకు రెండు పూతలకు సుమారు రెండు లీటర్ల ఎమల్షన్ పడుతుంది. పాత భవనాల్లో గీకేటప్పుడు ఒక ప్రమాదం ఉంది. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచి అమలులోకి వచ్చింది. అంతకు ముందటి ఎనామిల్ పూసిన తలుపులను, కిటికీలను పొడిగా ఇసుక కాగితంతో రుద్దితే ఆ దుమ్ము చిన్నపిల్లలకు విషం. తడిపి గీకాలి, పిల్లలను ఆ గదిలోకి రానివ్వకూడదు, దుమ్మును చీపురుతో ఊడ్వకుండా తడిగుడ్డతో తుడవాలి. డ్రిల్లు పెట్టేవాళ్లు స్విచ్‌బోర్డుకు సరిగ్గా పైనా కిందా రంధ్రం వేయకూడదు, కన్సీల్డ్ వైరింగ్ సాధారణంగా అక్కడే నిలువుగా వెళుతుంది. కొత్త ఎత్తైన టవర్లలో చాలావాటికి ఇటుక గోడలే ఉండవు, గోడలన్నీ కాంక్రీటువే, భవనం బరువు మోసేవే. వాటికి హ్యామర్ డ్రిల్లు కావాలి, గూడు కోసం వాటిని చెక్కడం ఎవరూ చేయకూడని పని. కరెంటు మెయిన్ బోర్డు, గ్యాస్ పైపు, బయటి గోడల ఎత్తు పని కూడా తెలిసినవాళ్లకే వదిలేయాలి. బాల్కనీలో కుండీలు పెట్టేవాళ్లు బరువు గుర్తుపెట్టుకోవాలి. ఘనపుటడుగు తడిమట్టి యాభై కిలోల దగ్గర తూగుతుంది, పది పెద్ద కుండీలను అంచున వరస పెడితే ఏడెనిమిది మంది మనుషులు ఎప్పుడూ అక్కడే నిలబడ్డట్టు. గోడ వైపుకు జరపాలి, మట్టిలో కొబ్బరిపీచు కలపాలి. తులసి, కరివేపాకు, మల్లె చాలు. ఇవన్నీ రోజూ నీళ్లడిగేవి, ఇల్లు వదిలి నాలుగు రోజులు ఊరెళితే పక్కింటివాళ్లకు తాళం ఇచ్చేలా చేసేవి. కొత్త చోట మొదటి స్నేహం చాలాసార్లు అలా ఒక కుండీ మీదుగా వస్తుంది. ఈ జాబితాలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది బొంత. అమ్మమ్మల పాత చీరలు పొరలుగా పరిచి కుట్టిన బొంతకు గోడతో పని లేదు, ఓనరు అనుమతితో పని లేదు. చిరిగిన చోట కొత్త ముక్క వేస్తారు, ఎన్ని ఇళ్లు మారినా మంచంతో పాటే వస్తుంది. అతుకులు పెరిగేకొద్దీ అందులో ఇళ్ల లెక్క పెరుగుతుంది. పాత చెక్క అరలు, స్టూళ్లు కావలసినవాళ్లకు అమీర్‌పేటకు దగ్గరలో ఎర్రగడ్డ ఆదివారం సంత ఉంది, పనిముట్లకు ట్రూప్ బజార్, రాణీగంజ్ ఉన్నాయి. ఒక సుత్తి, రెండు స్క్రూడ్రైవర్లు, ఒక పట్టకారు, కొలత టేపు, మంచి సూదుల పొట్లం ఉంటే మొదటి ఏడాది గడిచిపోతుంది.

ఇవన్నీ అద్దెదారుకు చెల్లుతాయా అన్నది చివరి చిక్కు. వదిలిపోయే ఇంటి మీద చెయ్యి ఎందుకు పెట్టాలని అడుగుతారు. చట్టం ఈ విషయంలో మనం అనుకున్నంత కఠినంగా లేదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ అద్దెదారు ఓనరు సమ్మతి లేకుండా శాశ్వత నిర్మాణం చేయకూడదంటుంది. ఆ సెక్షనే తాను బిగించుకున్నవాటిని, ఇంటిని తీసుకున్నప్పటి స్థితిలో వదిలిపెట్టే షరతు మీద, ఖాళీ చేసేలోపు విప్పి తీసుకుపోవచ్చని కూడా అంటుంది. ఉమ్మడి రాష్ట్రంలో 1960లో వచ్చిన భవనాల అద్దె నియంత్రణ చట్టం ఖాళీ చేయించడానికి చెప్పిన కారణాల్లో ఒకటి భవనం విలువను, ఉపయోగాన్ని గట్టిగా దెబ్బతీసే నష్టం. కొత్త పుట్టీతో పూడ్చగల రావల్ ప్లగ్గు రంధ్రం ఆ మాట కిందికి రావడం కష్టం. అయినా పదకొండు నెలల ఒప్పందాల మధ్య చట్టం కంటే మాటే ఎక్కువ పనిచేస్తుంది, ఓనరు భయం కూడా నిజమైనదే. ముందున్నవాళ్లు పగలగొట్టిన టైల్సు, తుప్పు మరకలు అతను చూసి ఉంటాడు. అందుకని ఒప్పందంలో రెండు వాక్యాలు అదనంగా రాయించుకోవడం మంచిది: ఏ గోడలకు ఎన్ని రంధ్రాలు వేసుకోవచ్చో, ఏ గదికి ఏ రంగు వేసుకోవచ్చో ఒకటి, ఖాళీ చేసే ముందు ఆ రంధ్రాలు పూడ్చి ఆ గోడకు పాత రంగు వేసి ఇచ్చే బాధ్యత అద్దెదారుదని రెండోది. గదుల ఫొటోలు తేదీతో తీసి ఇద్దరి ఫోన్లలోనూ ఉంచుకోవాలి. ఇదంతా అడ్వాన్సు చేతులు మారకముందే, పాలు పొంగించే రోజు నిర్ణయించుకునేటప్పుడే మాట్లాడుకోవాలి. ఆ సమయంలో ఓనరు కూడా ఇంటిని బాగా చూసుకునే మనుషుల కోసమే వెతుకుతుంటాడు.